సున్నపుగుంట గట్టు

ఎల్డర్‌షా,
1984 ఏప్రిల్ 15, ఆదివారం.

ప్రియమైన అమ్మకు,

గ్లెనిస్ ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేనూ, నువ్వు వదిలి వెళ్ళిన జెరేనియం కుండీ, గోడ అవతల రాత్రింబగళ్ళు దగ్గే మిసెస్ హాలమ్. మ్యాన్ దీవిలో నువ్వూ ఐవీ పెద్దమ్మా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. సముద్రపు గాలి పెద్దమ్మ మోకాళ్ళకి పడదంటావు, ఆ గాలి కోసమే నువ్వు అక్కడికి వెళ్ళావు. ఒకే గాలి అక్కకి రోగం, చెల్లెలికి మందు.

నీ ఉత్తరంలో అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. వంటింటి పైకప్పు కారడం ఆగింది. బడిలో పిల్లలు నన్నింకా లెక్కచేయడం లేదు కానీ, చరిత్ర క్లాసులో నిద్రపోయేవాళ్ళు మాత్రం తగ్గారు. తిండి సరిగ్గానే తింటున్నాను. ఒక్కదాని కోసం ఆదివారం మాంసం వండుకోవడం దండగ కాబట్టి బ్రెడ్డు మీద జున్ను కాల్చుకుంటున్నాను. దీనికి నువ్వు తిడతావని తెలుసు, తిట్టు.

ఇక పెద్ద ప్రశ్న. "మీ నాన్నని ఎప్పుడు తెస్తున్నావు?" అని అడిగావు. నాన్న నా అలమారలో, ఆ చాక్లెట్ రంగు డబ్బాలో, తన స్కార్ఫ్ పక్కనే ఉన్నాడు. ఆ స్కార్ఫ్ కూడా తెమ్మన్నావు, "రెండోది, నేను అల్లిన మొదటిది ఆ గ్రౌండులోనే ఎక్కడో పారేసుకున్నాడు, అంత శ్రద్ధ మనిషికి" అని దెప్పావు. "బతికినన్నాళ్ళు శనివారాలన్నీ ఆ దిక్కుమాలిన ఆటకి వదిలేశాను, బూడిదైనా నాకు దక్కాలి, గోలు ముందర చల్లమని ఆయన అన్న మాట నువ్వు విననట్టే ఉండు" అని రాశావు. సరేనని నీకు మాటిచ్చాను. ఇప్పటిదాకా తీసుకురాలేదు. ఎందుకో ఈ ఉత్తరం చివర్లో చెబుతాను. ముందే చెబితే మిగతాది చదవవు.

ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళ నూరేళ్ళ పుస్తకం రాయడానికి ఎందుకు ఒప్పుకున్నానని కూడా అడిగావు. మన ఇంట్లో పుస్తకం చదివిన మొదటి మనిషిని నేనే కదా, రాసే మొదటి మనిషిని కూడా నేనే అవుదామన్న దురాశ. పైగా నువ్వు ఎప్పుడూ అనే మాట ఒకటుంది. "అంత చదువు చదివావు, ఆ ఆటలో మీ నాన్నకి ఏం కనపడిందో నువ్వైనా కనిపెట్టి చెప్పు." చలికాలమంతా లైబ్రరీలో పాత పేపర్ల దుమ్ము పీల్చాను, అమ్మా. ఆటలో ఏమీ లేదు. నువ్వు అన్నదే నిజం.

అసలు ఎల్డర్‌షా టౌన్ చరిత్ర అంటే ఏమిటో విను. తోళ్ళ కార్ఖానా యజమాని, పనివాళ్ళు శనివారం మధ్యాహ్నం తాగి తన్నుకుంటున్నారని, సున్నపు గుంటలు పూడ్చిన నేల మీద రెండు గుంజలు పాతించి ఇక్కడ తన్నుకోండి అన్నాడు. అది స్థాపన. తోలుకి వేసే రంగు మిగిలిపోతే దాంతో చొక్కాలు అద్దారు. అది మన పవిత్రమైన గోధుమ రంగు. మొదటి ఆటలో పదకొండు గోల్స్ తిన్నారు. పరాయి ఊళ్ళవాళ్ళు మన కంపుకి ముక్కు మూసుకుని వెక్కిరిస్తే, మనవాళ్ళు చిన్నబోయే బదులు తామే ముక్కు మూసుకుని నిలబడడం మొదలుపెట్టారు. కార్ఖానా మూసేశాక కంపు పోయింది కానీ ముక్కు మూసుకోవడం పోలేదు. ఆట మొదలయ్యే ముందు, గోలు వెనక సున్నపుగుంట గట్టు మీద వేలమంది పెద్దమనుషులు రెండు వేళ్ళతో ముక్కు పట్టుకుని గంభీరంగా నిలబడతారు. దాన్ని సంప్రదాయం అంటారు.

మనవాళ్ళు ఒక్కసారే ఘనంగా గెలిచారు, తొమ్మిది గోల్స్ తేడాతో. ఆ అవతలి జట్టు దివాలా తీసి నడి సీజన్లో లీగులోంచి తప్పుకుంది, దాని ఆటలన్నీ రికార్డులోంచి కొట్టేశారు. అంటే నూరేళ్ళలో మనం సాధించిన ఏకైక ఘనకార్యం అసలు జరగనే లేదు. అడుగున పడ్డ జట్లు లీగులో ఉండాలంటే మిగతా క్లబ్బులు ఓట్లు వేయాలి కదా. ఆ ఓట్ల కోసం మన డైరెక్టర్లు రెండేళ్ళకో మూడేళ్ళకో లండన్ వెళ్ళి, అవతలి డైరెక్టర్ల భార్యలకి తోలు సంచులు పంచేవాళ్ళు. కాళ్ళతో నిలబెట్టుకోలేని పరువు చేతిసంచులతో నిలబెట్టుకున్నారు. ఈ ముక్క పుస్తకంలో రాశాను. ఛైర్మన్ గాస్కిన్ దాని మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీశాడు.

గాస్కిన్ నీకు గుర్తుండే ఉంటాడు, స్నానపు తొట్ల దుకాణాలవాడు. పెళ్ళికి ముందు నువ్వు వాళ్ళమ్మ దగ్గర బట్టలు ఇస్త్రీ చేసేదానివి. ఇప్పుడు ఒంటె రంగు కోటు తొడిగి, డైరెక్టర్ల గదిలో సిగారు పట్టుకుని కూర్చుంటాడు. సిగారు వెలిగించడు, దగ్గొస్తుందట.

"అమ్మాయ్, చరిత్ర చదివితే జనానికి ఛాతీ పొంగాలి," అన్నాడు. "ఇన్ని ఓటములు ఎందుకు?"

"ఓటములు తీసేస్తే పుస్తకం పది పేజీలు వస్తుంది సార్."

"పెద్ద అక్షరాలు వెయ్యి. నా ఫొటోలు ఉన్నాయిగా."

అతని దగ్గర నిజంగానే ఫొటోలు ఉన్నాయి. కొత్త గోలు పక్కన, కొత్త బల్ల పక్కన, మేయరు భార్య పక్కన. ఆటగాళ్ళ ఫొటోలు అడిగితే గుమాస్తా వెతికి ఒక్కటి తెచ్చింది. అందులో సగంమంది పేర్లు ఎవరికీ తెలియవు.

పోయిన నెల అధ్యాయాలు టైపు చేసి అతని బంగళాకి తీసుకెళ్ళాను. పేజీలు తిప్పకుండానే పక్కన పెట్టి, తోట చూద్దువు రా అన్నాడు. కిటికీ కింద కొత్తగా నాటిన రోజా మొక్కలు, ఒక్కొక్కటీ ఎర్రటి చిగుళ్ళతో నిగనిగలాడుతున్నాయి.

"నెల కూడా కాలేదు, ఆ చిగుళ్ళు చూడు," అన్నాడు. "రహస్యం ఏమిటో చెప్పనా? మట్టి. గోలు ముందర పాత నేల తవ్వి కొత్త పచ్చిక వేయించాం కదా, సున్నపుగుంట గట్టు వైపు. ఆ మట్టి ఊరికే పారబోయడం దేనికని లారీ ఇక్కడికి తోలించాను. అందులో ఏదో బలం ఉంది."

కంచె దగ్గర పాత పచ్చిక పలకలు తిరగేసి పేర్చి ఉన్నాయి. పైన ఉన్న పలక ఒక్కటే సరిగ్గా ఉంది, దాని మీద తెల్ల గీత ఇంకా కనిపిస్తోంది. గోలు గీత.

గోలు ముందర నేలలో ఏముందో నీకు తెలుసు, నాకు తెలుసు, ఊళ్ళో పాలు పోసేవాడికి తెలుసు. మన తాతల కాలం నుంచి ఈ ఊరి మగవాళ్ళ బూడిద చల్లేది అక్కడే. తెలియనివాడు ఒక్కడే, క్లబ్బు యజమాని.

"సార్, అది బలం కాదు," అన్నాను. "అది హారీ బ్లెంకిన్‌సాప్."

"ఎవరతను?"

"ముప్ఫై ఏళ్ళు గేటు దగ్గర టికెట్లు చింపినాయన. బహుశా ఆ రెండో మొక్క దగ్గర ఉండొచ్చు. మిగతావాళ్ళ పేర్లు చెప్పమంటారా?"

గాస్కిన్ చెయ్యి రోజా ఆకు మీంచి నెమ్మదిగా వెనక్కి వచ్చింది. ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఆ తర్వాత పశ్చాత్తాపంగా ఏదో అంటాడనుకున్నాను. "ఇది పుస్తకంలో రాయవుగా?" అన్నాడు.

నేను నేరుగా గ్రౌండు పక్కన అభిమానుల రేకుల షెడ్డుకి వెళ్ళాను. టీ మరుగుతోంది. విల్ఫ్ బాబాయి ఉన్నాడు, గ్రౌండు చూసే పని ఇంకా ఆయనదే. ఫ్లూతో మంచం మీద ఉన్న వారంలోనే ఆ తవ్వకం కానిచ్చేశారట. ఈనాక్ క్రాబ్‌ట్రీ, వాల్టర్ మెల్లర్ యథాప్రకారం హీటరు దగ్గర కూర్చుని ఉన్నారు. నేను చెప్పింది విని షెడ్డు మారుమోగుతుందనుకున్నాను.

"రోజాల్లోనా?" అన్నాడు ఈనాక్ చివరికి. "మా నాన్నకి రోజాలంటే పడదు. ఉల్లిపాయలు వేసేవాడు."

"మా అన్న గాస్కిన్ గాడి గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు," అన్నాడు వాల్టర్. "పాపం, ఇప్పుడు వాడికి ఎరువయ్యాడు."

"ఊరుకో, మీ అన్న బతికుండగా ఏ పనికొచ్చాడు? ఇప్పటికి మొక్కలైనా లేచాయి."

"మీరు నవ్వుతున్నారా?" అన్నాను. నా గొంతు కీచుమంది. "పోలీసుల దగ్గరికి వెళ్ళరా? పేపరుకి చెప్పరా?"

"ఏమని చెప్తాం తల్లీ?" అన్నాడు ఈనాక్. "మట్టి పోయిందనా? తోపుడుబండి ఎవరి దగ్గరుంది?"

ఆ శనివారం ఉదయం వాళ్ళ వెంట నేనూ వెళ్ళాను. పిడికిళ్ళు బిగించి వెళ్ళాను. వాళ్ళు టోపీలు తీసి వెళ్ళారు. బకెట్లు, తోపుడుబండ్లు, ఒకాయన దగ్గర మనవరాలి బొమ్మల బండి. గాస్కిన్ గుమ్మంలో వరసగా నిలబడి, దారి బురద చేస్తున్నందుకు వాళ్ళావిడకి క్షమాపణ చెప్పారు. ఆవిడ టీ ఇచ్చింది. తాగారు. అమ్మా, కప్పులు కడిగి ఇచ్చారు. రోజా మొక్కల్ని వేళ్ళతో సహా జాగ్రత్తగా పక్కన పడుకోబెట్టి, మట్టంతా ఎత్తి, కొండ దిగి, కొత్త పచ్చిక లేపి గోలు ముందర పరిచారు. ఎవరి మట్టి ఎవరిదో ఎలా తెలుస్తుందని నేను అడిగితే, "తేడా ఏముంది, అందరూ ఓడిపోయినవాళ్ళే," అన్నాడు వాల్టర్. ఆఖరి బండి దగ్గర గాస్కిన్ వచ్చి, పిడి పట్టుకుని, పేపరువాడికి ఫొటో ఇచ్చాడు. 'పూర్వీకులను గౌరవించిన ఛైర్మన్' అని కింద అచ్చయింది. కత్తిరించి పంపుతున్నాను. పొయ్యి అంటించడానికి పనికొస్తుంది.

నాకు గాస్కిన్ మీద కంటే ఆ ముసలివాళ్ళ మీద ఎక్కువ ఒళ్ళు మండింది. నూరేళ్ళు ఓడిపోవడం అలవాటైతే మనుషులు ఇలా తయారవుతారా అనుకున్నాను. కన్నతండ్రిని ఎరువు చేసినవాడి కప్పు కడగడమా? ఇదే మాట పుస్తకం ఆఖరి అధ్యాయంగా రాశాను. బాగా రాశాను. 'రోజాతోట' అని పేరు పెట్టాను. పదునుగా ఉందని నాకే అనిపించింది.

ఆ ఫొటో పడ్డ పేపరులోనే ఇంకో వార్త ఉంది. అసలు దాని కోసమే నీకు ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. నూరేళ్ళ పండుగ సందర్భంగా సున్నపుగుంట గట్టు మొత్తం తవ్వేసి, కుర్చీలూ అద్దాల గదులూ ఉన్న కొత్త స్టాండు కడతారట. మే నెల మొదటి శనివారం ఆఖరి ఆట. ఆ మర్నాడు కాక మర్నాడు యంత్రాలు దిగుతాయి. షెడ్డులో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. "గట్టులో మనవాళ్ళెవరూ లేరుగా, అది కార్ఖానా బాయిలర్ బూడిదతో వేసిందేగా," అన్నారు. విల్ఫ్ బాబాయి ఒక్కడే టీ కప్పు కింద పెట్టి నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను.

అమ్మా, ఇప్పుడు కాసేపు కూర్చో. వంటింట్లో ఉంటే పొయ్యి ఆపి రా. ఐవీ పెద్దమ్మ పక్కన ఉంటే ఉండనీ.

ఆస్పత్రిలో నాన్న ఆఖరి వారం నీకు జ్వరంగా ఉండి నేను ఒక్కదాన్నే కూర్చున్న మధ్యాహ్నం ఉంది కదా. ఆరోజు నాన్న ఆక్సిజన్ ముసుగు పక్కకి లాగి, "గ్లెన్నీ, నీకు ఒక అన్న ఉన్నాడు," అన్నాడు.

ఈ సంగతి నాకు తెలుసని నీకు తెలియదు. నువ్వు ఒక్కసారి కూడా చెప్పలేదు. నేను పుట్టక ముందు, 1955 నవంబరులో, ఊపిరి లేకుండా పుట్టిన పిల్లవాడు. నీకు చూపించలేదట. నువ్వు అడిగితే, "అంతా మేం చూసుకున్నాం, ఇంటికెళ్ళి ఇంకొకర్ని కను," అని నర్సు చెప్పిందట. వాళ్ళు చూసుకోలేదమ్మా. నాన్న చూసుకున్నాడు.

నాన్న చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మధ్యలో ఆయన దగ్గిన దగ్గులు మాత్రం వదిలేస్తున్నాను.

"వాళ్ళ పద్ధతి ఏమిటని అడిగాను. ఎవరైనా ముసలాయన పోతే ఆ పెట్టెలో కాళ్ళ దగ్గర పెట్టి పంపేస్తాం అన్నారు. ఏ ముసలాయన అన్నాను. ఎవరైతే ఏమిటన్నారు. నాకిచ్చెయ్యండి అన్నాను. బూట్ల పెట్టెలో పెట్టి ఇచ్చారు. చలిగా ఉంది, తల్లీ. నా మెడలో మీ అమ్మ అల్లిన స్కార్ఫ్ ఉంది. చుట్టాను."

మొదటి స్కార్ఫ్ పారేసుకోలేదమ్మా.

"ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలీలేదు. నడుచుకుంటూ పోయాను. తెల్లారుతోంది. గ్రౌండు గేటు దగ్గర విల్ఫ్ తాళం తీస్తున్నాడు. నా చేతిలోది చూశాడు, అడగలేదు. పార తెచ్చాడు. గట్టు మీద, జనం ఆనుకునే కమ్మీల్లో మూడోదాని కింద. వాన నీళ్ళు నిలవని చోటు."

"శ్మశానంలో ఎందుకు పెట్టలేదు నాన్నా?" అని అడిగాను. చదువుకున్నదాన్ని కదా, పద్ధతి గురించే అడిగాను.

"శ్మశానంలో పెడితే వారం వారం వెళ్ళగలనా? మగాడు ప్రతి శనివారం సమాధి దగ్గర నిలబడితే ఊరంతా చెవులు కొరుక్కుంటుంది. మీ అమ్మ చెవిన పడుతుంది. దాన్ని ఆ సంగతి ఎత్తి ఏడిపించొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఆటకి పోతే ఎవడడుగుతాడు? అక్కడ అరవొచ్చు. తిట్టొచ్చు. ఏడిస్తే కూడా ఎవడూ ఏమీ అనుకోడు."

"అమ్మకి తర్వాతైనా చెప్పొచ్చు కదా?"

"రేపు చెబుదాం అనుకున్నా. రేపు దాటింది. ఏడాది దాటింది. ఆలస్యమైన మాటకి నోరు పెగలదు గ్లెన్నీ. నువ్వు చెప్పు, ఎప్పుడు చెప్పాలో నీకే తెలుస్తుంది."

"మరి ఆట?"

నాన్న నవ్వాడు. ముసుగు మళ్ళీ పెట్టుకుంటూ, "ఆట దరిద్రం, తల్లీ. ఎప్పుడూ దరిద్రమే," అన్నాడు.

ఇప్పుడు నువ్వే లెక్క చూసుకో. స్కోరెంత అని అడిగితే సాయంత్రం పేపరు తెరిచి చూసి చెప్పే మనిషి. మొదటి జట్టు పరాయి ఊరు పోతే, కుక్కలు కూడా చూడని రెండో జట్టు ఆటకి వెళ్ళి నిలబడే మనిషి. వేసవిలో ఆటలే లేనప్పుడు విల్ఫ్‌కి గడ్డి పనిలో సాయమంటూ శనివారం మాయమయ్యే మనిషి. నీకు ఒకసారి అనుమానం వచ్చి ఐవీ పెద్దమ్మని వెనకాల పంపావట కదా, ఆవిడే నాకు చెప్పింది. వానలో ఒక్కడే గట్టు మీద కమ్మీ పట్టుకుని తలవంచుకుని నిలబడ్డాడని ఆవిడ వచ్చి చెబితే, "దీనికన్నా ఇంకో ఆడదైతే నయం," అన్నావట. గోలు ముందర చల్లమని ఆయన కోరింది గోలు కోసం కాదమ్మా. గట్టు మీద చల్లనివ్వరు. గోలు ముందర నేల ఆ కమ్మీకి దగ్గర.

ఆటలో నాన్నకి ఏం కనపడిందో కనిపెట్టమన్నావు. లైబ్రరీలో అది లేదు. ఫిబ్రవరి నుంచి నా కడుపులో ఉంది. నాన్న పోయిన దుఃఖం మీద ఇది కూడా మోయగలవా అని భయపడి ఆగాను. కాస్త తేరుకున్నాక చెబుదామనుకున్నాను. అంటే నేనూ నాన్నలాగే రేపు రేపు అంటున్నానన్నమాట. యంత్రాలు రాకపోతే ఏళ్ళ తరబడి అలాగే అనేదాన్నేమో.

పేపరు చూసిన మర్నాడు గాస్కిన్ దగ్గరికి వెళ్ళాను. 'రోజాతోట' అధ్యాయం అతని బల్ల మీద పెట్టాను. చదివాడు. ఈసారి ప్రతి పేజీ చదివాడు. నోట్లో సిగారు తడిసి ముద్దయింది.

"ఇది అచ్చువేస్తే నేను ఈ ఊళ్ళో తలెత్తుకోగలనా?" అన్నాడు.

"ఎత్తుకోలేరు సార్."

"ఏం కావాలి నీకు?"

"గట్టు మీద మూడో కమ్మీ చుట్టూ ఉన్న మూల. నేను చెప్పేదాకా అక్కడ పార పడకూడదు. మిగతాది మీ ఇష్టం."

"ఎందుకు?"

"చరిత్ర సార్."

"ఏం చరిత్ర?"

"మీ పుస్తకంలో రానిది."

అతను ఇంకేమీ అడగలేదు. నేను అతన్ని తిట్టిన తిట్లలో ఒకటి వెనక్కి తీసుకోవాలి, అడగకూడని చోట అడగకపోవడం అతనికీ తెలుసు. జూన్ దాకా ఆగుతామని విల్ఫ్ బాబాయి ముందర మాటిచ్చాడు. అధ్యాయం నేనే చించి బుట్టలో వేశాను. బాగా రాశానని చెప్పాను కదా, ఇప్పుడు నాకు అంత నమ్మకం లేదు. ఆ ముసలివాళ్ళు కప్పులు ఎందుకు కడిగారో నాకు తెలియకుండా రాసిన అధ్యాయం అది. ఇంటికెళ్ళి ఒంటరిగా ఏడ్చే మనుషులు నలుగురి ముందర ఎలా ఉంటారో ఈ మధ్యే నేర్చుకుంటున్నాను. పుస్తకం మాత్రం గాస్కిన్ కోరినట్టే వస్తుంది, నిండా ఫొటోలతో, పెద్ద అక్షరాలతో, ముప్పాతిక అబద్ధంతో. మన ఇంట్లో రాసిన మొదటి పుస్తకం అది. నీకు పంపను. అడగకు.

నువ్వు చెప్పాల్సింది ఒక్కటే ఉంది. మూడో కమ్మీ కింద ఉన్న పెట్టెని తీయించి నాన్నతో పాటు నీ దగ్గరికి, మ్యాన్ దీవికి తీసుకురమ్మంటావా? లేక ఇక్కడే, యంత్రాలు తగలని చోట, ఇద్దర్నీ కలిపి ఉంచమంటావా? పాస్టరుతో మాట్లాడాను, రెండింటికీ ఆయన సరేనన్నాడు. బిడ్డ నీ బిడ్డ. ఈసారి ఏ నర్సూ, ఏ డాక్టరూ, నాన్నా, నేనూ ఎవరం నీ బదులు చూసుకోం. నువ్వు చెప్పినట్టే జరుగుతుంది. పేరు కూడా నువ్వే పెట్టాలి. నాన్న వాణ్ణి 'మనవాడు' అనే అనేవాడట. "మనవాడు ఎలా ఉన్నాడు విల్ఫ్" అని అడిగేవాడట, సెలవుకి ఎక్కడికైనా వెళ్ళొచ్చినప్పుడు.

ఆఖరి ఆట మర్నాడు, ఆదివారం పొద్దున గేటు తీసి ఉంచుతానని విల్ఫ్ బాబాయి చెప్పాడు, గ్రౌండులో ఎవరూ ఉండరు, ప్రశాంతంగా ఉంటుందని. నేను వద్దన్నాను. ముందు రోజు శనివారమే రా అమ్మా, పడవ దిగి నేరుగా రా. ఆఖరి ఆట ఉంటుంది. మందపాటి కోటు వేసుకో, గట్టు మీద గాలి కోస్తుంది. గొడుగు తేకు, విప్పితే వెనకవాళ్ళు బూతులు తిడతారు. వాళ్ళు ముక్కు మూసుకున్నప్పుడు నువ్వు మూసుకోకపోయినా ఎవరూ పట్టించుకోరు. మూడో కమ్మీ దగ్గర నాన్న చేతులు పడి పెయింటు పోయిన చోటు ఉంది, చూపిస్తాను. అక్కడ నువ్వు ఎంతసేపు కావాలంటే అంతసేపు నిలబడు. ఎంత కావాలంటే అంత ఏడువు. ఎవరూ ఏమీ అడగరు. మనవాళ్ళు ఓడిపోతున్నారు, అందుకని ఏడుస్తోంది అనుకుంటారు.

ఎలాగూ ఓడిపోతారు.

ఇట్లు,
గట్టు మీద నీ కోసం చూసే
నీ కూతురు
గ్లెనిస్